పైన నిగనిగ, అడుగున తడి

వాహనాలకు వచ్చే జబ్బులు రెండు రకాలు. మొదటి రకం చప్పుడు చేసి మరీ చెబుతుంది. బేరింగు అరిగితే మూలుగుతుంది, బ్రేకు అరిగితే కీచుమంటుంది. రెండవ రకం నోరు విప్పదు. ఇవాళ కనిపించి రేపు మాయమవుతుంది. మెకానిక్ ముందు బుద్ధిగా నిలబడి, ఇంటి గుమ్మం చేరగానే మొండికేస్తుంది. విద్యుత్ దోషాలు ఈ రెండవ రకానికి చెందినవి. అందుకే మోసం చేయడానికీ, మోసపోవడానికీ, అవసరం లేని సామాను కొని డబ్బు పోగొట్టుకోవడానికీ వీటిలో ఉన్నంత అవకాశం మరే మరమ్మతులోనూ లేదు. ఈ నెల పాఠకులతో పంచుకోదలచినది ఆ విషయమే.

మేము ఇద్దరు అన్నదమ్ములం. అచ్యుతాపురం కూడలి నుండి పూడిమడక వెళ్ళే దారిలో వాహనాల వైరింగ్, బ్యాటరీ పనులు చేసే చిన్న షెడ్డు మాది. మేము పని నేర్చుకున్న రోజుల్లో ఈ దారిన బెల్లం దిమ్మలతో అనకాపల్లి మార్కెట్టుకు పోయే బండ్లూ, చేపల బుట్టలతో వచ్చే ఆటోలూ తప్ప పెద్దగా వాహనాలు ఉండేవి కావు. అచ్యుతాపురం, రాంబిల్లి మండలాలలో ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చిన తరువాత ఊరి రూపమే మారిపోయింది. బ్రాండిక్స్ వస్త్ర పరిశ్రమ, మందుల కంపెనీలు, 2022లో ప్రారంభమైన టైర్ల కర్మాగారం, వాటి వెంట వేలాది మంది ఉద్యోగులు, వారి వెంట రకరకాల కార్లు వచ్చాయి. అయితే గాలి మాత్రం పాతదే. బంగాళాఖాతం మీదుగా వచ్చే ఆ ఉప్పు గాలికి రాగి తీగ పచ్చబడుతుంది, ఇనుప బోల్టు పొరలు పొరలుగా లేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకి వెళ్ళిన తరువాత, నీట మునగని వాహనాలు సైతం నెలల తరబడి మా షెడ్డుకు వస్తూనే ఉండేవి. తుఫాను ఒక్క రోజులో వెళ్ళిపోయింది గాని, అది కనెక్టర్లలో వదిలిన ఉప్పు వెళ్ళిపోలేదు.

ఎర్ర కారు

మా ఆపా కుమారుడు ఇక్కడి ఒక కంపెనీలో ఉద్యోగి. గత సంవత్సరం ఫిబ్రవరిలో హైదరాబాదు నుండి పదేళ్ళు దాటిన స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కొచ్చాడు. ఎర్ర రంగు, రెండే తలుపులు, నేలకు ఆనినట్టుండే శరీరం, కప్పు మీద జరిగే అద్దం. ఆ అద్దాన్నే సన్‌రూఫ్ అంటారు. కొత్తదైతే మన కుటుంబాలు ఊహించలేని ధర. పాతది గనుక అతని నాలుగేళ్ళ పొదుపుతో చేతికందింది. వేసవి అంతా చక్కగా తిరిగింది. తండ్రి లేని ఇంటిలో తల్లినీ చెల్లినీ ముందు సీటులో వంతులవారీగా కూర్చోబెట్టి తిప్పుతుంటే, వీధిలో పిల్లలు వెంట పరుగెత్తేవారు.

జూలై వానలతో కష్టాలు మొదలయ్యాయి. రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే బ్యాటరీ దిగిపోయేది. రాత్రివేళ తలుపుల తాళాలు వాటంతట అవే టక్కుమని పడేవి. ఎడమవైపు ఇండికేటర్ వేస్తే లోపలి దీపం వెలిగేది. డాష్‌బోర్డు మీద ఒక్కో రోజు అయిదారు హెచ్చరిక దీపాలు ఒకేసారి వెలిగి, మరునాటికి ఆరిపోయేవి. సన్‌రూఫ్ సగం వరకు మూసుకుని మళ్ళీ వెనక్కి పోయేది. నాలుగు నెలలలో రెండు బ్యాటరీలు మార్చాడు. ఉద్యోగం పని మీద వేరే నగరానికి వెళ్ళినప్పుడు పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే, కంట్రోల్ యూనిట్, వైరింగ్, సన్‌రూఫ్ సామాను మొత్తం మార్చాలని, రెండు లక్షలకు పైగా అవుతుందని కాగితం రాసిచ్చారు. ఆ కాగితంలో ఎన్నో సామానుల పేర్లున్నాయి గాని, నీరు అనే మాట ఒక్కచోటా లేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం కారును మా షెడ్డుకు తెచ్చాడు. వచ్చింది మరమ్మతుకు కాదు.

“మామూ, స్కానర్ పెట్టి ఆ లైట్లు ఆర్పేయండి, చాలు. శుక్రవారం నమాజు తరువాత అనకాపల్లి నుండి కొనేవాళ్ళు వస్తున్నారు. ఎండ కాస్తోంది కదా, నాలుగు రోజులు ఏ గొడవా చేయదు.”

నెలాఖరుకు చెల్లెలి కాలేజీ ఫీజు కట్టాలి. కారు అమ్మకం మీదే ఆ ఇల్లు ఆశ పెట్టుకుంది. కొనేవాడికి కొత్తగా పెళ్ళయిందని, భార్యను కూర్చోబెట్టుకుని తిప్పడానికి సరదాపడుతున్నాడని అతనే చెప్పాడు.

స్కానర్‌తో దోషపు గుర్తులు చెరిపివేయడం రెండు నిమిషాల పని. దీపాలు ఆరిపోతాయి, దోషం అలాగే ఉంటుంది. తడి మళ్ళీ తగిలేదాకా ఎవరికీ తెలియదు. అప్పటికి కారు వేరొకరి వాకిట్లో ఉంటుంది.

“బేటా, ముందు జబ్బేమిటో చూద్దాం. అమ్మే మాట తరువాత” అన్నాము. అతనికి నచ్చలేదు. అయినా తాళాలు ఇచ్చి వెళ్ళాడు.

స్కానర్ కంటే ముందు క్యాలెండరు

విద్యుత్ దోషం వెదికేవాడు మొదట అడగవలసిన ప్రశ్న “ఏం జరుగుతోంది?” అన్నది కాదు, “ఎప్పుడు జరుగుతోంది?” అన్నది. వేడెక్కినప్పుడా, గతుకులలోనా, వాన పడ్డాకనా, కారు కడిగాకనా? మేనల్లుడు చెప్పిన తేదీలన్నీ ఒక కాగితం మీద రాస్తే, ప్రతి గొడవకూ ఒకటి రెండు రోజుల ముందు వానో, నీళ్ళ పైపుతో కడగడమో ఉంది. మల్టీమీటర్ చేతిలోకి తీసుకోకముందే సగం దారి తెలిసిపోయింది.

తరువాత కొలతలు. ఇంజన్ ఆపి కొన్ని గంటలు ఉంచిన మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2 చూపితే సగం ఖాళీ అయినట్టు. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుండి 14.4 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ సక్రమంగా ఉన్నట్టు. ఈ కారులో రెండూ సరిగ్గానే ఉన్నాయి. అంటే బ్యాటరీలో దోషం లేదు. నిద్రపోయే వేళ దానిని ఎవరో తాగేస్తున్నారు.

ఆ దొంగను పట్టడానికి ఒక పద్ధతి ఉంది. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటరును ఆంపియర్ల స్థానంలో పెట్టాలి. ఆ స్థితిలో ఇంజన్ స్టార్ట్ చేయరాదు. చేస్తే మీటరు కాలిపోతుంది. కారుకు తాళం వేసి ఓపికగా కూర్చోవాలి. నేటి కార్లలోని కంట్రోల్ యూనిట్లు తాళం వేసిన వెంటనే నిద్రపోవు. కొన్నిటికి అరగంట, ముప్పావుగంట పడుతుంది. ఆ తరువాత ప్రవాహం సాధారణంగా 0.05 ఆంపియర్లకు మించకూడదు. మా మీటరు ముప్పావుగంట తరువాత కూడా 0.62 దగ్గరే నిలిచింది. లెక్క కడితే రోజుకు దాదాపు 15 ఆంపియర్ గంటలు. 60 ఆంపియర్ గంటల బ్యాటరీ రెండు రోజులలో సగమవుతుంది, మూడవ నాటికి స్టార్టర్ మూలుగుతుంది. ఎన్ని కొత్త బ్యాటరీలు తెచ్చినా ఈ లెక్క మారదు.

ఇక ఏ దారిన పోతోందో చూడాలి. ఒక్కొక్క ఫ్యూజు పీకి చూడడం పాత పద్ధతి. కొత్త కార్లలో ఫ్యూజు పీకి మళ్ళీ పెట్టగానే నిద్రపోయిన యూనిట్లు మేలుకుంటాయి, లెక్క తప్పుతుంది. అందుకే ఫ్యూజును కదపకుండా, దాని నెత్తి మీద కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలుస్తాము. ప్రవాహం లేని ఫ్యూజు సున్న చూపుతుంది, ఉన్నది కొద్దిగా చూపుతుంది. అలా చూడగా తలుపుల తాళాలు, లోపలి దీపాలు నడిపే కంట్రోల్ యూనిట్ బయటపడింది. ఆ కారులో అది ఎడమ సీటు ముందు, కాళ్ళ కింద, కార్పెట్ అడుగున ఉంది.

కార్పెట్ పైభాగం తాకితే పొడిగా ఉంది. అంచు లేపి చేయి లోపలికి పెట్టాము. అడుగునున్న మందపాటి స్పాంజి నానిన రొట్టెలా ఉంది. పిండితే నీళ్ళు కారాయి, ముక్కు మూసుకోవలసినంత వాసన. కనెక్టర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి పొర. పక్కనే శరీరపు రేకుకు బిగించిన ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంది. హెడ్‌లైట్లు వెలిగించి ఆ బోల్టుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలిస్తే 0.9 వోల్టు వచ్చింది. 0.2 దాటితేనే అనుమానించాలి. ఎర్త్ సరిగా లేనప్పుడు విద్యుత్తు తన దారి వదిలి పక్క దీపాల తీగల గుండా వెనక్కి పోతుంది. ఇండికేటర్ వేస్తే లోపలి దీపం వెలగడంలోని రహస్యం అదే. తడిసిన పిన్నుల మధ్య పాకిన విద్యుత్తును తలుపు మీట నుండి వచ్చిన కబురుగా భ్రమించి ఆ యూనిట్ రాత్రంతా మేలుకునే ఉండేది.

ఒకేసారి అయిదారు దీపాలు వెలగడానికి కూడా కారణం ఉంది. 1986లో బాష్ కంపెనీ లోకానికి పరిచయం చేసిన క్యాన్ అనే పద్ధతిలో, కారులోని యూనిట్లన్నీ మెలిపెట్టిన రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. ఒక యూనిట్ తడిసి పిచ్చిమాటలు మాట్లాడితే మిగిలినవన్నీ తమకే జబ్బు చేసిందని దీపాలు వెలిగిస్తాయి. బ్యాటరీ విప్పి ఆ రెండు తీగల మధ్య కొలిస్తే సుమారు 60 ఓములు రావాలి. ఇక్కడ వచ్చాయి. అంటే తీగలు బాగున్నాయి. వైరింగ్ మొత్తం మార్చవలసిన అవసరం లేదని ఆ ఒక్క కొలత చెప్పింది.

కప్పు మీది నాలుగు కాలువలు

మరి కాళ్ళ కిందికి నీరెలా వచ్చింది? చాలామంది సన్‌రూఫ్ చుట్టూ ఉండే రబ్బరు నీటిని పూర్తిగా ఆపుతుందని అనుకుంటారు. అది ఆపదు, ఆపాలని దానిని చేయలేదు. రబ్బరు దాటి వచ్చే కొద్దిపాటి నీటిని పట్టడానికి అద్దం చుట్టూ ఒక తొట్టి ఉంటుంది. సాధారణంగా దాని నాలుగు మూలల నుండి నాలుగు సన్నని గొట్టాలు ముందు, వెనుక స్తంభాల లోపలి నుండి దిగి, కారు అడుగున నీటిని వదిలేస్తాయి. మన పాత పెంకుటిళ్ళ చూరు కింద నీటి కాలువ ఉన్నట్టే. కాలువ పూడితే నీరు ఇంట్లోకి వస్తుంది.

సన్‌రూఫ్ తెరిచి, ముందు కుడి మూలలో కప్పుడు నీళ్ళు మెల్లగా పోశాము. చక్రం వెనుక నుండి ధారగా పడ్డాయి. ఎడమ మూలలో పోశాము. నీరు అక్కడే నిలిచింది. మేనల్లుడు నీడ కోసం కారును ఎప్పుడూ చింతచెట్టు కింద నిలిపేవాడు. చింతాకు ఎంత సన్ననిదో మీకు తెలియనిది కాదు. ఆ ఆకు, దారి దుమ్ము కలిసి గొట్టంలో బిరడాలా బిగుసుకున్నాయి.

ఇటువంటి గొట్టంలోకి కంప్రెసర్ గాలిని జోరుగా కొట్టరాదు. లోపల అతుకు ఊడితే కప్పు మొత్తం విప్పవలసి వస్తుంది. ఇనుప చువ్వ పెట్టడం ఇంకా ప్రమాదం. ఆ స్తంభాల పక్కనే చాలా కార్లలో ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. మాకు పనికివచ్చినది పూడిమడక మత్స్యకారులు గాలానికి వాడే మందపాటి నైలాన్ తీగ. కొన నున్నగా కాల్చి, తిప్పుతూ మెల్లగా దింపాము. మొదట ఏమీ రాలేదు. తరువాత నల్లటి బురద, దాని వెనుక చింతాకు ముద్ద, ఆ వెనుక తేటనీరు. రెండు లక్షల కాగితానికి మూలకారణం ఒక గుప్పెడు చింతాకు!

మూలం దొరికాక మిగిలినది శ్రమే. బ్యాటరీ విప్పి, సీట్లు, కార్పెట్ తీసి, స్పాంజిని మూడు రోజులు ఎండబెట్టాము. కనెక్టర్ పిన్నులు కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేశాము. పచ్చబడిన తీగ ముక్కలు కోసి కొత్తవి అతికాము. ఎర్త్ బోల్టు కింద రేకు మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వ్యాజిలైన్ పూశాము. మళ్ళీ కొలిస్తే 0.62 కాస్తా 0.03కు దిగింది.

సన్‌రూఫ్ మోటారులో కూడా ఏ లోపమూ లేదు. చేతులు నలగకుండా, ఏదైనా అడ్డుపడితే వెనక్కి పోయే ఏర్పాటు దానికి ఉంటుంది. పట్టాల్లో దుమ్ము పేరుకున్నా, బ్యాటరీ పూర్తిగా దిగి అది తన హద్దులు మరచిపోయినా, లేని అడ్డును ఊహించుకుని వెనక్కి పోతుంది. పట్టాలు తుడిచి, మూసే బటన్‌ను కొన్ని క్షణాలు వదలకుండా నొక్కి పట్టుకున్నాము. అద్దం ఒకసారి పూర్తిగా తెరుచుకుని, మూసుకుని, దారి గుర్తుచేసుకుంది. ఈ పద్ధతి ఒక్కో కారుకు ఒక్కో విధంగా ఉంటుంది. కారుతో ఇచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది.

దీపం ఆర్పడం మరమ్మతు కాదు

శుక్రవారం వచ్చింది. కారు మా షెడ్డులోనే ఉంది. ముందురోజు రాత్రి ఆపా ఇంట్లో మాట జరిగింది. “బాగయింది కదా మామూ, ఇక చెప్పడం ఎందుకు? చెబితే కొంటారా?” అన్నాడు మేనల్లుడు. అతని ప్రశ్నలో దురాశ లేదు, భయం ఉంది. ఫీజుకు పది రోజులే గడువు.

ఆపా చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు, “కార్పెట్ అడుగున చేయి పెడితే తడి తగిలిందన్నారు కదా. ఆ మాట వినగానే నాకు బజారులో ధాన్యపు రాశి గుర్తొచ్చింది” అంది. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున దాచిన తడిని బయటపెట్టిన సంఘటన మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలిసినదే. ఆ తరువాత ఇంట్లో ఎవరూ ఆ ప్రస్తావన పొడిగించలేదు.

వచ్చినవారికి మేనల్లుడే అంతా చెప్పాడు. నానిన స్పాంజి ఫోటోలు, మేము రాసిన కొలతల కాగితం ముందుంచాడు. ఒకసారి తడిసిన యూనిట్ మళ్ళీ ఎప్పుడైనా ఇబ్బంది పెట్టవచ్చని మేము కూడా దాచకుండా చెప్పాము. ఆ యువకుడు ఫోటోలన్నీ ఓపికగా చూశాడు, కృతజ్ఞతలు చెప్పాడు, వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఫీజు గడువుకు ఆపా తన రెండు బంగారు గాజులు అమ్మింది. కారు సంక్రాంతి దాటాక, అనుకున్న ధరకు నలభై వేలు తక్కువకు, అన్నీ తెలుసుకున్న వేరొకరికి పోయింది. ఆ గాజులు ఇంకా తిరిగి రాలేదు. ఆపా వాటి మాట ఎత్తదు. మేనల్లుడు మాత్రం ప్రతి నెలా జీతంలో కొంత తీసి వేరే డబ్బాలో వేస్తున్నాడు.

నిజాయితీకి వెంటనే లాభం వస్తుందని రాసి పాఠకులను సంతోషపెట్టడం సులభమే. ఇక్కడ అలా జరగలేదు. అయితే ఒక లెక్క మాత్రం చెప్పగలము. తడిసిన తీగలు, సందు దొరికితే పాకే విద్యుత్తు, పైన ఆరిన స్పాంజి — ఇవి ఒకచోట చేరిన కారులో ఒక కొత్త జంట రాత్రివేళ హైవే మీద వెళుతుండగా షార్టు జరిగితే, దాని ఖరీదు ఏ గాజులతోనూ తీరదు.

ఇంటివారు చేయగలిగిన పనులు

సన్‌రూఫ్ ఇప్పుడు స్పోర్ట్స్ కార్లకే పరిమితం కాదు. కుటుంబాలు వాడే మామూలు కార్లలోనూ ఉంటోంది. గనుక కొన్ని జాగ్రత్తలు అందరికీ అవసరం.

తొలకరికి ముందు ఒకసారి, దసరా నాటి వానలకు ముందు ఇంకొకసారి సన్‌రూఫ్ తెరిచి తొట్టిని తడిగుడ్డతో తుడవండి. నాలుగు మూలల్లో కప్పుడేసి నీళ్ళు పోసి, కింద పడుతున్నాయో లేదో చూడండి. చెట్టు కింద నిలిపేవారు నెలకొకసారి చూడాలి. కారులో ముక్క వాసన వస్తే అత్తరు సీసాతో కప్పిపుచ్చకండి, కార్పెట్ లేపండి.

ఫ్యూజు కాలితే అదే అంకె గలది పెట్టండి. ఎరుపుది 10, నీలంది 15, పసుపుది 20 ఆంపియర్లు. 10 ఉన్నచోట 20 పెట్టడం, తీగ చుట్టడం అంటే ఫ్యూజుకు బదులు కారును కాలమనడమే. ఒకే ఫ్యూజు రెండుసార్లు కాలితే మూడవది పెట్టకుండా మెకానిక్‌ను పిలవండి.

మెకానిక్ ఏదైనా సామాను మార్చాలంటే, ఏ కొలత చూసి ఆ నిర్ణయానికి వచ్చాడో అడగండి. పని తెలిసినవాడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు, మీటరు చూపిస్తాడు. పిల్లలను నడుస్తున్న కారు సన్‌రూఫ్ నుండి తల బయటపెట్టి నిలబడనివ్వకండి. ఒక్క సడెన్ బ్రేకు చాలు.

పాత కారు కొనేవారు రంగు, టైర్లు చూసిన తరువాత ముందు సీట్ల కింద కార్పెట్ అంచు లేపి, అడుగున చేయి పెట్టి చూడండి. అమ్మేవారైతే, ఆ చేయి అక్కడికి చేరేలోపే కార్పెట్ మీరే లేపి చూపించండి.